ధరలు తగ్గాయట... మరి ఏలూరులో ఇంటి ఖర్చుకి డబ్బులెందుకు చాలట్లేదు?

2025 నవంబరు 12న కేంద్ర ప్రభుత్వం అక్టోబరు నెల ధరల లెక్క విడుదల చేసింది. అంతకుముందు ఏడాది అక్టోబరుతో పోలిస్తే దేశంలో వస్తువుల ధరలు పెరిగింది కేవలం 0.25 శాతం. అంటే పావు శాతమే. ఆహార పదార్థాల ధరలైతే పెరగకపోగా 5.02 శాతం తగ్గాయి. 2012ని ఆధారంగా తీసుకుని లెక్కించిన ఆ సూచీలో ఇంత తక్కువ అంకె అప్పటివరకు రాలేదు. టీవీల్లో దీన్ని సామాన్యుడికి పెద్ద ఊరటగా చూపించారు.

కానీ ఏలూరులోనో, తాడేపల్లిగూడెంలోనో, కైకలూరు, ఆకివీడు వైపు కొల్లేటి ఊళ్ళలోనో ఏ ఇంట్లో అడిగినా ఊరట అనే మాట వినబడదు. "ఉల్లిపాయలు చవకే, టమాటా చవకే. కానీ నెలాఖరుకి చేతిలో ఏమీ ఉండట్లేదు" అంటారు. ప్రభుత్వం చెప్పిన అంకె అబద్ధం కాదు. ఇంట్లోవాళ్ళు చెప్పేదీ నిజమే. రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయో అర్థం చేసుకుంటే మన ప్రాంతం పరిస్థితి తెలుస్తుంది.

సూచీలో ఏముంది?

ధరల సూచీ అంటే ఒక ఊహా సంచి. అందులో సగటు కుటుంబం కొనే వస్తువులన్నీ వేసి, ఒక్కోదానికి ఇంత బరువు అని పెడతారు. 2025లో వాడిన సంచిలో ఆహార పానీయాల బరువు దాదాపు 46 శాతం. పల్లెల సంచిలో అయితే 54 శాతం. చదువు బరువు నాలుగున్నర శాతం లోపే. వైద్యం బరువు ఆరు శాతం లోపు. అప్పటి పల్లెల సూచీలో అసలు ఇంటి అద్దె అనే పద్దే ఉండేది కాదు. ఈ బరువులు కూడా 2011-12లో జనం ఎలా ఖర్చు పెట్టారన్న సర్వే మీద వేసినవి. అప్పటికీ ఇప్పటికీ ఇంటి ఖర్చు చాలా మారింది. పిల్లల స్కూలు ఫీజు, ఆటో చార్జీ, సెల్‌ఫోన్ రీచార్జి, షుగరు బీపీ మందులు, నెల వాయిదాలు, ఇవన్నీ ఇప్పుడు తప్పని ఖర్చులు. కూరగాయలు బాగా తగ్గితే మొత్తం సూచీ కిందకి దిగిపోతుంది. ఫీజు, అద్దె మాత్రం కొంచెం కూడా దిగవు.

ఇంతవరకు దేశంలో ఎక్కడైనా ఒకటే కథ. మన దగ్గర దీనికి ఇంకో ముడి ఉంది. ఈ నేల బతికేదే తిండి సరుకు అమ్మి. వరి, చేప, రొయ్య, ఉల్లి వ్యాపారం, వాటి చుట్టూ తిరిగే లారీలు, ఐస్ ఫ్యాక్టరీలు, మెకానిక్ షెడ్లు. ఢిల్లీ లెక్కలో "ఆహారం చవకైంది" అని రాసుకున్న ప్రతిసారీ ఇక్కడ ఎవరిదో ఆదాయం తగ్గింది అని చదువుకోవాలి.

గూడెం ఉల్లి

తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్ రాష్ట్రంలో పేరున్నది. కర్నూలు నుంచి, మహారాష్ట్ర నుంచి సరుకు ఇక్కడికి దిగుతుంది. 2025 సెప్టెంబరులో కర్నూలు ఉల్లి ధర ఎంత పడిపోయిందంటే, ప్రభుత్వమే క్వింటాలు 1,200 రూపాయలకి కొనాల్సి వచ్చింది. తర్వాత హెక్టారుకి 50 వేల రూపాయల సాయం ప్రకటించింది. రైతు కష్టం పేపర్లలో వచ్చింది. మరి ఆ ఉల్లిని వీధుల్లో అమ్మే తోపుడు బండి మనిషి సంగతి? కిలో 40 ఉన్నప్పుడు ఆరు రూపాయలు మిగిలాయనుకుందాం. కిలో 15 అయితే రెండు రూపాయలు మిగలడం కష్టం. బండి అదే, ఎండ అదే, రోజంతా తిరిగే వీధులు అవే. జనం రెండు కిలోలు కొనేచోట ఆరు కిలోలు కొనరు కదా. మన కుటుంబాల్లో పళ్ళు, కూరగాయల బండ్ల మీద బతికేవాళ్ళు తక్కువేం కాదు. వాళ్ళకి చవక కాలమంటే గిరాకీ ఉండి లాభం లేని కాలం.

అమెరికా సుంకం, కొల్లేటి కూలి

ఇక రొయ్య. 2024-25లో మన దేశం 62 వేల కోట్ల రూపాయలకి పైగా విలువైన చేపలు, రొయ్యలు ఎగుమతి చేసింది. డాలర్లలో 745 కోట్లు. అందులో 271 కోట్ల డాలర్ల సరుకు ఒక్క అమెరికాకే వెళ్ళింది. అంటే మూడో వంతు కన్నా ఎక్కువ. దేశంలో రొయ్యల సాగులో ముందున్నది మన రాష్ట్రమే.

2025 ఆగస్టు 7న అమెరికా మన సరుకు మీద 25 శాతం సుంకం వేసింది. రష్యా చమురు కొంటున్నామని ఆగస్టు 27 నుంచి ఇంకో 25 శాతం కలిపింది. రొయ్యల మీద అంతకుముందే ఉన్న యాంటీ డంపింగ్ లాంటి సుంకాలతో కలిపితే అప్పుడు సుమారు 58 శాతం అయింది. మనతో పోటీ పడే ఈక్వడార్‌కి అప్పుడు వేసింది 15 శాతమే. ఒహాయోలోనో ఇల్లినాయిలోనో సూపర్ మార్కెట్‌కి సరుకు వేసే వ్యాపారి ఎవరి దగ్గర కొంటాడో చెప్పక్కర్లేదు. రాష్ట్రానికి 25 వేల కోట్ల నష్టమని, ఎగుమతి ఆర్డర్లలో సగం రద్దయ్యాయని ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడే కేంద్రానికి లేఖ రాశారు.

చెరువు యజమాని నష్టం కనబడుతుంది. అతనికి సంఘం ఉంది, మాట్లాడే నాయకులున్నారు, యూనిట్ రూపాయిన్నరకి ఇచ్చే రాయితీ కరెంటు ఉంది. చెరువు కింద బతికేవాళ్ళ నష్టం ఇంకో రకం. ధర లేదని రైతు ఒక పంట మానేస్తే వల లాగేవాళ్ళకి పని లేదు. మేత బస్తాలు దించేవాళ్ళకి, ఐస్ కొట్టేవాళ్ళకి లేదు. లారీ డ్రైవర్‌కి ట్రిప్పులు తగ్గుతాయి. ఏరియేటర్ మోటార్లు చుట్టే మెకానిక్ షెడ్డుకి పని రాదు. ప్లాంట్లలో రొయ్య తల తీసి, పొట్టు తీసే ఆడవాళ్ళకి సరుకొస్తేనే కూలి. ఉద్యోగం పోయిందని వీళ్ళెవరికీ కాగితం రాదు. వారంలో ఆరు రోజుల పని నాలుగు రోజులవుతుంది, అంతే.

కొల్లేటి చేపకి అమెరికాతో పని లేదు కదా అనొచ్చు. నిజమే, ఇక్కడి శీలావతి, బొచ్చె ఐస్ పెట్టెల్లో బెంగాల్‌కీ అస్సాంకీ వెళ్తాయి. కానీ రొయ్య లాభం లేదని చెరువులన్నీ చేపకి మారితే ఆ చేప ధర కూడా దిగుతుంది.

ఒక ఇంటి లెక్క

ఇది అర్థం కావడం కోసం వేసుకున్న ఉదాహరణ. ఏలూరులో ఒక కుటుంబం. ఇంటాయన రోజుకి 600 చొప్పున 26 రోజులు పని చేస్తే 15,600. ఇంటావిడ పీసు లెక్కన చేసే పని మీద 3,400. మొత్తం 19,000. ఖర్చు: తిండి 8,000, అద్దె 4,000, పిల్లల చదువు 2,500, మందులు 1,000, కరెంటు, ఫోన్, పెట్రోలు 1,500, వాయిదాలు 2,000. సరిగ్గా సరిపోయింది.

ఇప్పుడు తిండి ధరలు అయిదు శాతం తగ్గాయి. మిగిలేది 400. అదే నెలలో ఆయనకి నాలుగు రోజులు పని దొరకలేదు. పోయింది 2,400. ఆవిడ పని సగమైంది. పోయింది 1,700. కలిపి 4,100 నష్టం, 400 లాభం. నెలకి 3,700 లోటు. సూచీ 400 లాభాన్ని పట్టుకుంటుంది. 4,100 నష్టాన్ని పట్టుకోవడం దాని పని కాదు. ధర లెక్కనీ ఆదాయం లెక్కనీ పక్కపక్కన పెట్టి జిల్లావారీగా చెప్పేవాళ్ళు లేకపోవడమే అసలు లోపం.

లోటు ఎలా పూడుస్తున్నారు?

బంగారం పెట్టి. 2025 అక్టోబరులో పది గ్రాముల మేలిమి బంగారం లక్షా 20 వేలు దాటింది. అవే గాజులకి ఇప్పుడు ఎక్కువ అప్పు వస్తుంది. పైగా 2026 ఏప్రిల్ 1 నుంచి రిజర్వ్ బ్యాంకు కొత్త నిబంధన ప్రకారం రెండున్నర లక్షల లోపు అప్పుకి బంగారం విలువలో 85 శాతం దాకా ఇవ్వొచ్చు. ఇది సౌకర్యంలా కనిపిస్తుంది. కానీ ఎక్కువ అసలు మీద ఎక్కువ వడ్డీ పడుతుంది. కూలి పెరగకపోతే ఆ గాజులు వేలానికి పోతాయి. రిబా హరామ్ అని మనకి తెలుసు. తెలిసీ ఎందరో ఆ కౌంటర్ ముందు నిలబడుతున్నారంటే, వేరే దారి చూపించే బాధ్యత సమాజానిదే.

ప్రభుత్వ పథకాల వల్ల మేలు లేదనడం అన్యాయం. తల్లికి వందనం కింద చదివే ప్రతి పిల్లాడి పేరునా ఏడాదికి 13 వేలు తల్లి ఖాతాలో పడుతున్నాయి. అంటే నెలకి వెయ్యి పైచిలుకు. దీపం కింద మూడు సిలిండర్లు, 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి ఉచిత బస్సు. ఇవన్నీ ఖర్చు తగ్గించేవి. పని దినాలు పోయినప్పుడు ఆదుకునేది ఒక్క ఉపాధి హామీయే. 2025-26లో మన రాష్ట్రంలో దాని కూలి రోజుకి 307 రూపాయలు. అది కూడా పల్లెలకే. ఏలూరు, గూడెం పట్నాల్లో ఉండే కూలీకి, బండి మనిషికి, మెకానిక్‌కి అలాంటిది ఏదీ లేదు. మన కుటుంబాల్లో ఎక్కువమంది ఉండేది పట్నాల్లోనే.

తివాచీల పాఠం

ఒక పరదేశి గిరాకీ మీద బతకడం ఏలూరుకి కొత్త కాదు. పర్షియా నుంచి వచ్చారని చెప్పే మన ముస్లిం నేతగాళ్ళు ఇక్కడ ఉన్ని తివాచీలు నేసేవారు. పందొమ్మిదో శతాబ్దంలోనే అవి లండన్ దాకా వెళ్ళాయి. తర్వాత బయటి కొనుగోలుదార్లు చవక సరుకు అడగడం మొదలుపెట్టారు. చవక రంగులొచ్చాయి, నాణ్యత పోయింది, కూలీ తగ్గింది. ఇప్పుడు మగ్గం మీద కూర్చునే కుటుంబాలు చాలా తక్కువ. ఆ పిల్లల్లో ఎందరో వేరే పనులకి పోయారు. రొయ్య కూలికి కూడా ఆ గతి పట్టకూడదంటే కొనేవాళ్ళు ఒక్కరే ఉండకూడదు. యూరప్, జపాన్ లాంటి మార్కెట్లతో పాటు మన దేశంలోనే రొయ్య తినేవాళ్ళని పెంచాలన్న మాట ప్రభుత్వం అంటోంది. అది మాటగా మిగలకుండా చూడాలి.

మన చేతిలో ఉన్నదీ ఒకటుంది. ఏటా రంజాన్ వస్తుంది. జకాత్ లెక్కలు అప్పుడే వేస్తాం. మస్జిద్ కమిటీలు ఇప్పటి నుంచే మొహల్లాలో పని దినాలు తగ్గిన ఇళ్ళ జాబితా రాసుకుంటే మంచిది. పేర్లు బయటపెట్టక్కర్లేదు. ఫీజు కట్టలేక చదువు ఆపబోతున్న పిల్లలెవరు, గాజులు వేలానికి దగ్గరపడిన ఇల్లు ఏది, అన్నవి తెలిస్తే చాలు. జకాత్‌కి అర్హులైనవాళ్ళకి జకాత్, మిగతావాళ్ళకి బైతుల్‌మాల్ నుంచి వడ్డీ లేని అప్పు. పది వేల రూపాయలు సమయానికి అందితే ఒక అమ్మాయి ఇంటర్ రెండో ఏడాది ఆగదు. మరుసటి నెల ధరల అంకె పావు శాతమైనా, రెండు శాతమైనా ముందు చూడాల్సింది ఈ జాబితానే.