మందు లేని సూది

ఇరవై ఎనిమిది సంవత్సరాలుగా నల్లబల్ల ముందు నిలబడి పాఠాలు చెబుతున్న నాకు మొన్న వేసవిలో నడుము పట్టేసింది. కిందపడిన సుద్దముక్కను వంగి తీసుకోవడం కూడా గగనమయింది. మూడు వారాలు ఓర్చుకుని డాక్టరుగారి దగ్గరకు వెళితే ఆయన సూది వేశారు. అందులో మందు లేదు!

దీనిని డ్రై నీడ్లింగ్ అంటారు. కండరంలో బిగుసుకుపోయి, నొక్కితే నొప్పి పుట్టే చోటును వెదకి, సుమారు 0.3 మిల్లీమీటర్ల లావున్న సూదిని గుచ్చి తీస్తారు. ఇటువంటి చోట సూదిమందు ఇచ్చినప్పుడు ఉపశమనం కలిగించేది ఎక్కించిన మందు కాదనీ, సూది గుచ్చుకోవడమేననీ చెక్ వైద్యుడు కారెల్ లెవిట్ 1979లో ప్రకటించాడు. సూది పని ఏది, మందు పని ఏది అని విడదీసి చూశాడన్నమాట.

అయితే నడుము కండరాలు పొరలు పొరలుగా, చాలా లోతుగా ఉంటాయి. వాటికి ముందువైపున, కాస్త పైగా మూత్రపిండాలున్నాయి. వేళ్ళతో తడిమి లోతు అంచనా కట్టడం కష్టం. అందుకే అల్ట్రాసౌండ్ సాయం. మన చెవి 20 నుంచి 20,000 హెర్ట్‌జ్‌ల వరకే వింటుంది. ఇక్కడ వాడే ధ్వని పౌనఃపున్యం 50 లక్షల హెర్ట్‌జ్ అనుకోండి. మెత్తని కణజాలంలో ధ్వని వేగం సెకనుకు సుమారు 1540 మీటర్లు. తరంగదైర్ఘ్యం ఎంతో మీరే భాగించి చూడండి. సుమారు 0.3 మిల్లీమీటర్లు, రమారమి సూది లావంత! ప్రతిధ్వని తిరిగి రావడానికి పట్టిన కాలాన్ని బట్టి యంత్రం బొమ్మ గీస్తుంది. అందులో లోహపు సూది తెల్లని గీతలా మెరుస్తుంది. మధ్యలో గాలి ఉంటే ధ్వని దాదాపు అంతా వెనక్కి పోతుంది కనుక చర్మానికి జెల్లీ పూస్తారు. ఎండాకాలంలో అది చల్లగా, హాయిగా ఉందని ఒప్పుకోవాలి.

నాలుగు రోజుల్లో నొప్పి తగ్గింది. "చూశారా మాస్టారూ, పనిచేసింది!" అన్నారు తోటి ఉపాధ్యాయులు. నాకు చిక్కు వచ్చింది ఇక్కడే. తాయెత్తు కట్టగానే జ్వరం తగ్గిందని మీరు చెప్పినప్పుడు, కట్టకపోతే తగ్గేది కాదని ఎలా తెలుసునని అడిగేది నేనే కదా! కొత్తగా వచ్చిన నడుమునొప్పి చాలామందికి కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుంది. నాది అప్పటికే మూడు వారాల నాటిది. పైగా తెరమీద సూదిని కళ్ళారా చూశాను. నమ్మకం కుదిరితే నొప్పి కొంత తగ్గుతుంది కూడా.

సూది ఎక్కడికి వెళ్ళిందో ఆ బొమ్మ చెబుతుంది. అపాయం తప్పించడానికి అది మంచిదే. నొప్పి దానివల్లే తగ్గిందా అన్నది మాత్రం బొమ్మ చెప్పలేదు. అందుకు చీట్లు వేసి కొందరికి అసలు సూది, కొందరికి నాటకాల్లో పిడిలోకి జారే కత్తిలాంటి మొద్దుసూది వాడి, ఎవరికి ఏదో చెప్పకుండా పోల్చాలి. దీర్ఘకాలపు నడుమునొప్పిలో ఆక్యుపంక్చర్ సూదులను ఇలా పోల్చినప్పుడు తేడా స్వల్పంగానే కనిపించింది. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అటువంటి నొప్పికి సూచించిన మార్గాల్లో సూదులనూ చేర్చింది గాని, గట్టి సిఫారసుగా కాదు.

మళ్ళీ నడుము పడితే వెళతారా అని తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె అడిగింది. వెళతాను. కాకపోతే ఈసారి నొప్పి మొదలైన రోజునుంచే దానికి పదికి ఎన్ని మార్కులో డైరీలో రాసుకుంటాను. ఒక్కడి లెక్కతో ఏదీ తేలదు. సూదికి ముందే తగ్గుముఖం పట్టిందేమో, అదైనా తెలుస్తుంది.