పుస్తకం చేరింది, ప్రయోగశాల చేరలేదు
దూరవిద్యలో సైన్సు చదవగోరే పెద్దలకు ఆటంకాలు

చదువు మధ్యలో మానేసి వ్యవసాయంలోనో, కూలిపనిలోనో, చిన్న ఉద్యోగంలోనో స్థిరపడినవారు తిరిగి పుస్తకం పట్టాలంటే దూరవిద్యే దారి. బి.ఏ., బి.కాం. అభ్యర్థులకు ఈ దారి చాలావరకు సాఫీగా ఉంది. బి.ఎస్సీ. చదవదలచినవారికి మాత్రం అడుగడుగునా ఆటంకాలే. పాఠ్యపుస్తకం ఊరికి చేరుతోంది గాని, ప్రయోగశాల చేరడం లేదు.

దేశంలో తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో తెలుగు నేలపైనే ఏర్పడింది. ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయంగా ప్రారంభమై, 1991లో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పొందింది. బడి మెట్లన్నీ ఎక్కనివారికి సైతం అర్హత పరీక్ష ద్వారా డిగ్రీలో ప్రవేశం కల్పించడం అప్పట్లో పెద్ద సంచలనం. తొలి ఉపకులపతి ప్రొఫెసర్ జి. రాంరెడ్డి 1985లో ఏర్పడిన ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి (ఇగ్నో) కూడా తొలి ఉపకులపతి అయ్యారు. చదువును ఇంటి ముంగిటికి తేవడమే ఈ సంస్థల ఆశయం. సైన్సు దగ్గరకు వచ్చేసరికి ఆ ఆశయం సగం దారిలో ఆగిపోయింది.

కూలి మానుకుంటేనే ప్రయోగం

ప్రయోగ తరగతులకు హాజరు తప్పనిసరి. ఈ నియమం సబబైనదే. ఉప్పుల విశ్లేషణ చేయని రసాయనశాస్త్ర పట్టభద్రుణ్ణి ఎవరూ నమ్మరు. చిక్కంతా ఆ తరగతులు ఎక్కడ, ఎప్పుడు జరుగుతాయన్న దగ్గరే ఉంది. ఇగ్నో లెక్క ప్రకారం ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు. నాలుగు క్రెడిట్ల ప్రయోగాలకు 120 గంటలు. రోజుకు ఎనిమిది గంటల చొప్పున చూస్తే 15 రోజులు. ఇందులో రికార్డు రాసుకునే సమయం తీసివేసినా, వారం పది రోజులు పని మానుకోక తప్పదు.

సైన్సు ప్రయోగశాలలున్న అధ్యయన కేంద్రాలు సాధారణంగా పట్టణాల్లోని డిగ్రీ కళాశాలల్లోనే ఉంటాయి. నల్లగొండ జిల్లాలో చందంపేట వంటి మారుమూల మండలం నుంచి వచ్చేవారు దేవరకొండ చేరుకుని, అక్కడినుంచి మళ్లీ జిల్లా కేంద్రానికి రావాలి. రోజూ వెళ్లి రావడం కష్టం. పట్టణంలో ఉండిపోదామంటే అద్దె, హోటలు తిండి ఖర్చులు. కోతలో, నాట్లలో తరగతులు పడితే రైతు కూలీ చదువు వాయిదా పడుతుంది. చంటిపిల్లల తల్లి అయితే ఆ మాట తలపెట్టడానికే జంకుతుంది.

ఇది తీరని సమస్య ఏమీ కాదు. 1969లో ఏర్పడిన బ్రిటన్ ఓపెన్ యూనివర్సిటీ 1971లో పాఠాలు మొదలుపెట్టినపుడు సైన్సు విద్యార్థుల ఇళ్లకే ప్రయోగ సామగ్రి పెట్టెలు పంపింది. అందులో చిన్న సూక్ష్మదర్శిని కూడా ఉండేది. ఇంట్లో చేయలేని ప్రయోగాలకు వేసవిలో వారం రోజుల శిబిరం నడిపింది. ఇక్కడ మాత్రం అభ్యర్థే ప్రయోగశాలను వెతుక్కుంటూ వెళ్లాలి. కంప్యూటరు తెరపై ప్రయోగాలు చూపే వర్చువల్ ల్యాబ్స్‌ను కేంద్ర విద్యాశాఖ నడుపుతోంది. వాటితో విషయం అర్థమవుతుంది గాని, చేతికి అలవాటు రాదు.

పునాది, భాష

ఇంటర్‌లో ఆర్ట్సు చదివినవారికి సాధారణంగా బి.ఎస్సీ. తలుపు తెరుచుకోదు. వారు ఓపెన్ స్కూలు ద్వారా మళ్లీ ఇంటర్ సైన్సు పూర్తిచేయాలి. పదేళ్ల క్రితం వదిలేసిన బీజగణితం ఒంటరిగా పుస్తకం చూసి నేర్చుకోవడం సామాన్యమైన పని కాదు. అంబేద్కర్ విశ్వవిద్యాలయపు తెలుగు పుస్తకాలు డిగ్రీ వరకు ఎంతో ఆదరువు. ఇగ్నో సైన్సు పాఠాలు ప్రధానంగా ఇంగ్లీషు, హిందీలలోనే ఉండటంతో తెలుగు మీడియం అభ్యర్థి వెనుకబడుతున్నాడు.

మోసపోకుండా

నర్సింగ్, ఫార్మసీ, వ్యవసాయం, ఇంజనీరింగు కోర్సులను దూరవిద్యలో నడపరాదని విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యు.జి.సి.) 2020 నిబంధనలు చెబుతున్నాయి. ఊళ్లలో గిరాకీ ఉన్న చదువులు ఇవే కావడంతో దళారులకు అవకాశం దొరుకుతోంది. కొన్ని డీమ్డ్ విశ్వవిద్యాలయాలు తగిన అనుమతి లేకుండా దూరవిద్యలో ఇచ్చిన ఇంజనీరింగు పట్టాలను 2017 నవంబరు 3న సుప్రీంకోర్టు తప్పుపట్టింది. నష్టపోయింది ఫీజు కట్టినవారే. డబ్బు చెల్లించేముందు ఆ సంస్థకు, ఆ కోర్సుకు, ఆ సంవత్సరానికి యు.జి.సి. గుర్తింపు ఉందో లేదో యు.జి.సి. వెబ్‌సైటులో విడివిడిగా చూసుకోవాలి. సంస్థకు గుర్తింపు ఉన్నంతమాత్రాన కోర్సుకు ఉన్నట్టు కాదు.

చేయగలిగినవి

నియోజకవర్గ కేంద్రాల్లోని ప్రభుత్వ జూనియర్, డిగ్రీ కళాశాలల ప్రయోగశాలలు ఆదివారాల్లో, సెలవుల్లో తాళం వేసి ఉంటాయి. వాటిని తెరిపించి, అధ్యాపకులకు గౌరవ వేతనం ఇస్తే ప్రయోగాలు దగ్గరికి వస్తాయి. తరగతుల తేదీలు ఏడాది మొదట్లోనే ప్రకటించి, నాట్లు, కోతల రోజులను తప్పించాలి. దూరం నుంచి వచ్చే మహిళలకు ఆ వారం ప్రభుత్వ వసతి గృహాల్లో చోటివ్వాలి. గణితంలో నెల రోజుల సన్నాహక తరగతులు పెట్టాలి. ఇవేవీ కొత్త భవనాలు కోరే పనులు కావు. విశ్వవిద్యాలయం, కళాశాలల యాజమాన్యాలు, జిల్లా అధికారులు ఒకచోట కూర్చుంటే వచ్చే విద్యాసంవత్సరానికే సాధ్యం. అలా జరగనంతకాలం దూరవిద్యలో సైన్సు పట్టణానికి దగ్గరగా ఉన్నవారికే దక్కుతుంది. ఎవరికోసం ఆ విద్య పుట్టిందో వారికి దూరంగానే ఉండిపోతుంది.