ఎర్ర కణానికీ ఒక అస్థిపంజరం

మన దేహానికి ఎముకల గూడు ఆధారమైనట్లే, రక్తంలోని ప్రతి ఎర్ర కణానికీ ఒక ఆధారం ఉంది. అది ఎముకతో ఏర్పడినది కాదు. స్పెక్ట్రిన్, ఆక్టిన్ వంటి ప్రోటీన్లు కణపు పొరకు లోపలివైపున వలలా అల్లుకొని ఉంటాయి. దీనినే కణ అస్థిపంజరం అంటారు. తనకన్నా ఎంతో ఇరుకైన రక్తమార్గాలలో ఎర్ర కణం వంగి, దూరి, మళ్లీ తన రూపాన్ని పొందుతూ సుమారు 120 రోజులు జీవించగలగడానికి ఈ వలయే కారణం.

ఖమ్మం దాటి భద్రాచలం అడవుల వైపు నివసించే వారికి ఇది దూరపు విషయం కాదు. ఆ ప్రాంతపు కోయ గూడేలలో సికిల్‌సెల్ వ్యాధి తరతరాలుగా ఉంది. హిమోగ్లోబిన్‌లో ఒకే ఒక అమైనో ఆమ్లం మారడం వలన, ప్రాణవాయువు తగ్గినప్పుడు ఎర్ర కణం కొడవలిలా వంగుతుంది. రక్తనాళాలు మూసుకుపోయి భరించరాని నొప్పులు వస్తాయి. ప్రాణవాయువు అందగానే చాలా కణాలు మామూలు రూపానికి వస్తాయి. కొన్ని మాత్రం ఎన్నటికీ రావు. ఎందుకు? 1976లో అమెరికా పరిశోధకులు అటువంటి కణాలలోని హిమోగ్లోబిన్‌ను, పొరలోని కొవ్వును తొలగించి చూశారు. మిగిలిన ప్రోటీన్ల వల కూడా కొడవలి ఆకారంలోనే ఉంది. అంటే, దెబ్బ అస్థిపంజరానికే తగిలిందన్నమాట.

ఆ దెబ్బను అర్థం చేసుకోవాలంటే శుద్ధమైన ప్రోటీన్ కావాలి. అందుకే మానవ జన్యువు సంకేతాన్ని బాక్టీరియాలోనో, ఈస్ట్‌లోనో ప్రవేశపెట్టి, ఆ ప్రోటీన్‌ను లేదా దానిలోని ఒక భాగాన్ని తయారు చేయిస్తారు. ఇదే రీకాంబినెంట్ ప్రోటీన్. ప్రతిసారీ మనిషి రక్తం తీయవలసిన అవసరం తప్పుతుంది. అయితే పరిశోధనకు మాత్రమేనని ముద్రించి ఉన్న ఆ చిన్న సీసా మందు కాదు. దానిని చికిత్సగా చెప్పి ఎవరైనా డబ్బు అడిగితే నమ్మరాదు.

ప్రయోగశాలలో పరిశోధన సాగుతుండగా ఇంట్లో మనం చేయగలిగినది ఒకటుంది. తల్లిదండ్రులిద్దరూ సికిల్‌సెల్ జన్యువాహకులైతే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ఒకరు సికిల్‌సెల్ వాహకులు, మరొకరు బీటా తలసేమియా వాహకులు అయినా ప్రమాదమే. జన్యువుకు కులమూ మతమూ తెలియవు. దగ్గరి బంధువుల మధ్య సంబంధాలు కలుపుకునే మన కుటుంబాలలో ఒకే పూర్వికుని లోపం ఇరువైపుల నుండీ కలిసే అవకాశం ఎక్కువ. కనుక నికాహ్ ఖాయం చేసుకునే ముందే ఇరువైపులా రక్తపరీక్ష చేయించడం మేలు. గిరిజన ప్రాంతాలలో 40 ఏళ్లలోపు వారు 7 కోట్ల మందిని పరీక్షించేందుకు కేంద్రం 2023 జూలై 1న జాతీయ కార్యక్రమాన్ని ప్రారంభించింది.

మరొక్క మాట. బిడ్డకు జబ్బు వస్తే కోడలిని నిందించే ఇళ్లు నేటికీ ఉన్నాయి. ఈ వ్యాధిలో తల్లి నుండి ఒక జన్యువు, తండ్రి నుండి మరొకటి వస్తాయి. ఇద్దరి భాగమూ సమానమే. వాహకురాలైన అమ్మాయి సాధారణంగా రోగి కాదు. ఆమెకు పెళ్లి నిరాకరించనవసరం లేదు. చూడవలసినది జోడీని మాత్రమే. నింద వేసే నోటిని ఆపి, పరీక్షకు చేయి చాచే ధైర్యాన్ని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక!