కుంచె పట్టిన రోబో

మా పాప స్నేహితురాలు శనివారం చైనీస్ బడిలో కుంచెతో ‘యోంగ్’ అనే అక్షరం దిద్దుతోంది. ‘శాశ్వతం’ అని అర్థం. ఎనిమిది మూల గీతలూ అందులోనే ఉంటాయట.

ఇదే పని రోబోకి నేర్పడం ఎంత కష్టమో చదివితే ఆశ్చర్యమేసిందండీ. కుంచె పెన్ను కాదు కదా! నొక్కితే గీత లావు, ఎత్తితే సన్నం. పైగా ఒక గీత గీశాక కుంచె వెంట్రుకలు వంగిపోతాయి, తర్వాతి గీత వాటితోనే మొదలవ్వాలి. చేయి ఆగితే కాగితం సిరా పీల్చేసుకుని మరకే. అందుకే గురువు చేతి కదలికల్నీ ఒత్తిడినీ రికార్డు చేసి, రోబో చేత అలాగే దిద్దించే పద్ధతి ఒకటుంది. అచ్చం మా నాన్నమ్మ పలక మీద నా చేయి పట్టుకున్నట్టే!

మా పాపేమో, “చెప్తే ఫోనే తెలుగు టైప్ చేస్తుందిగా, రాయడమెందుకమ్మా?” అంటుంది. నిన్న జవాబు చెప్పలేదు. వెనక కూర్చుని చేయి పట్టుకున్నాను. ‘అ’ వంకరగా వచ్చింది.

“నువ్వే గట్టిగా నొక్కుతున్నావమ్మా” అంది.