బంగారు నాణెమా, బంగారు బిళ్ళా?

పిల్లలూ! మొన్న మా వీధి కుర్రవాడొకడు పరుగున వచ్చి, "మాష్టారూ, కంపెనీకి యాభై ఏళ్ళు నిండాయని మా నాన్నగారికి బంగారు నాణెం ఇచ్చారండీ! దీంతో సైకిలు కొనుక్కోవచ్చా?" అన్నాడు.

తీసుకుని చూశాను. ఒక వైపు కంపెనీ గుర్తు, రెండో వైపు '8 గ్రాములు, 999' అని ఉన్నాయి. అంటే వెయ్యి పాళ్ళలో 999 పాళ్ళు బంగారమే. మేలిమిదే! కాని మూడు సింహాల గుర్తేదీ? ఎన్ని రూపాయల విలువో వ్రాసి ఉందా? లేదు. మన దేశంలో నాణేలు వేయించే అధికారం ప్రభుత్వానిదే. కనుక ఇది నాణెం కాదు, పతకం. సైకిలు కొట్టాయన పుచ్చుకోనక్కరలేదు.

నా పెట్టెలోంచి ఒక అయిదు రూపాయల బిళ్ళ తీసి చూపించాను. ఓ.ఎన్.జి.సి. అనే చమురు సంస్థకు యాభై ఏళ్ళు నిండినందుకు 2006లో ప్రభుత్వమే వేయించింది. అందులో బంగారం రవ్వంత లేదు. అయినా అది నాణెమే!

"మరి దీన్నేం చెయ్యాలండీ?" అన్నాడు బిక్కమొహం వేసి.

"కంసాలి తూచి బంగారానికి వెల కడతాడు. ఆ యాభై ఏళ్ళకు మాత్రం కాణీ కట్టడు."

వాడు కాసేపు ఆలోచించి, "మరి మీరీ అయిదు రూపాయలు ఇన్నాళ్ళూ ఎందుకు ఖర్చు పెట్టలేదండీ?" అన్నాడు.

నాకు వెంటనే జవాబు తోచలేదు సుమా!