తొంబది లక్షల గోవులు, రెండే పితృవంశములు

2024 అక్టోబరులో మహారాష్ట్రలోని వాశిములో స్వదేశీ గోజాతులకై నిర్మింపబడిన జన్యు చిప్పును, పెయ్యదూడలనే పుట్టించు వీర్య పరిజ్ఞానమును ప్రధానమంత్రి ఆవిష్కరించినది మొదలు, ఆ విషయమై నేను చదివిన వాదములన్నియు రెండు పక్షములుగా చీలి, ఒక పక్షము ఆవుకు ఎన్ని లీటర్లు పెరుగునని లెక్కలు కట్టుచుండగా, రెండవది దేశీయ గోవు పావిత్ర్యమును గూర్చి ఉపన్యసించుచున్నది. రాబోవు సంతతికి ఎన్ని ఆబోతులు తండ్రులు కానున్నవను ప్రశ్న ఇరుపక్షములకును పట్టలేదు. పాడి భవిష్యత్తును నిర్ణయించు ప్రశ్న అదియేనని నా నిశ్చితాభిప్రాయము.

అమెరికాలో సుమారు 90 లక్షల పాడి ఆవులు గలవు. వానిలో అత్యధికము హోల్‌స్టీన్ జాతివి, అనగా మన రైతు హెచ్.ఎఫ్. అని వ్యవహరించు నలుపు తెలుపు ఆవులు. పెన్సిల్వేనియా రాష్ట్ర విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 2015లో ప్రకటించిన పరిశోధనలో, కృత్రిమ గర్భధారణకు వీర్యమునిచ్చు ఆ జాతి ఆబోతులు దాదాపు అన్నియు 1880లో జన్మించిన రెండు ఆబోతుల పితృపరంపరకు చెందినవని తేలినది. 90 లక్షల ఆవులు, 2 పితృవంశములు. జన్యువైవిధ్యపు కొలతలో ఆ మహామంద ఇంచుమించు 50 పశువుల మందతో సమానమని శాస్త్రజ్ఞుల అంచనా; పరిరక్షణ శాస్త్రము ప్రమాదరేఖగా నెంచునది ఆ యాభైయే.

ఈ సంకోచమునకు అర్థమేమో తెలుగువారికి వివరించుట కష్టము కాదు. మేనరికపు సంతానమున, ఉమ్మడి పూర్వీకుని జన్యువు ఒకటే తల్లివైపునుండియు తండ్రివైపునుండియు సంక్రమించు అవకాశము నూటికి 6.25, మేనమామను పెండ్లాడినచో 12.5. ఇటీవల పుట్టుచున్న అమెరికా హోల్‌స్టీన్ దూడలలో ఈ సగటు సుమారు 9 శాతమునకు చేరినది. అనగా ఆ జాతి మొత్తము సగటున మేనరికమును దాటి మేనమామ వివాహమునకు సగము దారిలో నున్నది.

దాని ఫలము ఊహామాత్రము కాదు. 1962లో పుట్టిన పానీ ఫార్మ్ అర్లిండా చీఫ్ అను ఆబోతుకు 16,000 మంది కూతుళ్లు కలిగిరి. దాని దేహమున దాగిన ఒక దోషజన్యువు ఆ సంతతి ద్వారా లోకమంతట వ్యాపించి, చీఫ్ సంతతిని చీఫ్ సంతతితోనే కట్టించినపుడెల్ల రెండు ప్రతులు కలిసిన పిండములను గర్భముననే చంపుచు వచ్చినది. రైతుకు కనబడినది, గర్భధారణ సూది వేయించిన ఆవు సూడి నిలువక మరల ఎదకు వచ్చుట మాత్రమే. వేలకొలది పశువుల జన్యువులను పరీక్షించిన శాస్త్రజ్ఞులకు, లెక్క ప్రకారము ఉండవలసిన రెండు ప్రతుల పశువు ఒక్కటైన కానరాకపోవుటచే, పుట్టనివాని జాడ పుట్టినవానిలో దొరికినది. ఆ దోషము వలన ప్రపంచమున సుమారు 5 లక్షల పిండములు నశించెననియు, నష్టము 42 కోట్ల డాలర్లనియు 2016లో అంచనా కట్టిరి.

చీఫ్ సంతతి వలని పాల లాభము 3,000 కోట్ల డాలర్లని ఆ అంచనాలోనే యున్నది కదా యని కొందరందురు. 1950లో ఏడాదికి 2,400 కిలోలిచ్చిన అమెరికా ఆవు నేడు 10,000 కిలోలకు మించి ఇచ్చుచున్నదనుటయు సత్యమే. కాని పాలు పెంచుటకు మేలైన ఆబోతులు కావలెను గాని, రెండే వంశములు కావలెనని ఏ శాస్త్రమును చెప్పలేదు.

జన్యు చిప్పుతో చేయు పరీక్ష ఈ వంశసంకోచమును సవరించునని చెప్పువారు అమెరికా అనుభవమును చూడవలెను. అక్కడ 2009లో ఆ పరీక్ష అధికారికముగా ప్రవేశించినది. కూతుళ్ల పాలు కొలుచువరకు ఏండ్లకొలది వేచియుండుట తప్పి, ఏడాది నిండిన కోడె వీర్యమే విపణికి వచ్చుటతో, తరములు త్వరగా మారినవి. అందరును ఒకే పట్టికలోని అగ్రశ్రేణి కోడెల వెంటబడుటచే రక్తసంకోచము అంతకంటె త్వరితముగా పెరిగినది. సంబంధములేని ఆబోతును గుర్తించుటకును ఆ పరికరము పనికివచ్చును, ఒకే ఆబోతును వెదకుటకును పనికివచ్చును. ఏది చేయవలెనో శాసింపవలసినది విధానము.

మన విధానము దేనిని శాసించుచున్నది? పల్లెలలో గర్భధారణ సూదులు వేయు గోపాలమిత్ర, ద్రవ నత్రజని డబ్బానుండి వీర్యపు స్ట్రాను తీసి, గోరువెచ్చని నీటిలో అర నిమిషముంచి, సూది వేసి పోవును. ఆ స్ట్రాపై ఆబోతు సంఖ్య ముద్రించియే యుండును. ఆవు చెవికి 12 అంకెల ట్యాగు వ్రేలాడుచునే యుండును. ఈ రెండు సంఖ్యలను సరిపోల్చి, ఈ ఆవు ఆ ఆబోతు కూతురా, మనుమరాలా అని చూచిన పిమ్మటనే సూది వేయవలెనని నిర్బంధింపక, పథకములు వేసిన సూదుల లెక్కను విజయముగా ప్రకటించుచున్నవి. హోల్‌స్టీన్ అంతటి మహాసంఖ్యతో పడిన గోతిలో, స్వల్పసంఖ్యాకమగు పుంగనూరు జాతి పడిన నిలువగలదా?

కొలరాడోలోని ఫోర్ట్ కాలిన్స్ జాతీయ భాండారమున 1950ల నాటి వీర్యము నిలువయుండుటచే, లుప్తమైన వంశములనుండి మరల దూడలను పుట్టించుటకు అమెరికా శాస్త్రజ్ఞులకు వీలు కలిగినది. పారవేసినది దాచియుంచినందున వారికి రెండవ అవకాశము దొరికినది. మన ఒంగోలు, పుంగనూరు వంశములలో నేడు విడనాడినదానికి రేపు అట్టి అవకాశమును ఎవరు హామీ ఇచ్చుచున్నారు?

కావున ప్రభుత్వములు ప్రతి జాతికిని ఏటేట ఎన్ని ఆబోతుల వీర్యము వాడిరో, అవి ఎన్ని వంశములవో ప్రకటింపవలెను. ఒక్కొక్క ఆబోతునుండి తీయు స్ట్రాలకు పరిమితి విధింపవలెను. పాలలో వెనుకబడిన వంశముల వీర్యమును సైతము భద్రపరుపవలెను. ఇవి అసాధ్యములు కావు, ఖరీదైనవియు కావు. 1880 నాటి రెండు ఆబోతుల కథ సర్వలోకవిదితమైన పిమ్మట కూడ ఈ లెక్క చెప్పక జన్యు పథకములను ఉత్సవములుగా జరుపుట అజ్ఞానము కాదు, అపరాధము. ఆబోతుల సంఖ్యను దాచు పథకమును అభివృద్ధి యని పిలుచుటకు ఏ ప్రభుత్వమునకును అధికారము లేదు.