చుట్టపు చూపు సేవ

ఆ ఫోటో మీరూ చూసే ఉంటారు. ఒకే రంగు టీషర్టులు వేసుకున్న పదిమంది, వెనక రేకుల షెడ్డు, మధ్యలో ఎవరి చంకలోనో ఒక పాప. టీషర్టు మీద క్లబ్బు పేరు, దేశం పేరు, సంవత్సరం అన్నీ ఉంటాయి. పాప పేరు మాత్రం ఎక్కడా ఉండదు. ఎత్తుకునే ముందు వాళ్ళమ్మని ఎవరైనా అడిగారా అన్నదే నాకు మొదట తట్టే ప్రశ్న. మనింటికి వచ్చినవాళ్ళు మన బిడ్డని ఎత్తుకుని ఫోటో దిగి, ఊరందరికీ పంపితే ఊరుకుంటామా?

సేవా క్లబ్బుల మీద నాకేం కోపం లేదండీ. రోటరీవాళ్ళూ లయన్స్‌వాళ్ళూ పెట్టించిన కంటి శిబిరాల్లో చూపు తెచ్చుకున్న పెద్దవాళ్ళు మన ఊళ్ళలో ఎంతమంది లేరు! నా పేచీ అంతా ఒక్కచోటే. పరాయి దేశానికి సేవకని వెళ్ళేవాళ్ళు ఆ ఊరి ఆడవాళ్ళని లెక్కలోకి తీసుకుంటున్నారా లేదా అని. ఆ పిల్లల్ని పెంచేది వాళ్ళు. నీళ్ళు మోసేది వాళ్ళు. బస్సు వెళ్ళిపోయిన మర్నాడు అక్కడ మిగిలి ఉండేదీ వాళ్ళే.

ఇప్పుడీ గొడవ ఎందుకు ఎత్తానంటే, అది మా ఇంట్లోనే నడుస్తోంది కాబట్టి. మా పెద్దాడపడుచు వాళ్ళు డాలస్‌లో ఉంటారు. వాళ్ళమ్మాయి పదకొండో క్లాసు. అక్కడ ఒక సేవా క్లబ్బువాళ్ళ విద్యార్థి విభాగంలో ఉంది. వచ్చే వేసవిలో వీళ్ళ బృందం కంబోడియా వెళ్తోంది. అంకోర్ వాట్ గుడి దగ్గరి సియెమ్ రీప్‌లో, ఒక అనాథాశ్రమంలో పది రోజులుంటారు. గోడలకు రంగులేస్తారు, పిల్లలకు ఇంగ్లీషు చెప్తారు, ఆడిస్తారు. మనిషికి మూడు వేల డాలర్ల పైన ఖర్చట. తలా కొంచెం వేయమని వదిన ఫ్యామిలీ గ్రూపులో పెట్టింది. అందరూ దణ్ణాల బొమ్మలు పెట్టారు. నేను మాత్రం ఫోన్ చేసి, "ఆ పిల్లలు నిజంగా అనాథలేనా వదినా?" అని అడిగాను.

"అదేం ప్రశ్నే? అనాథాశ్రమంలో అనాథలు కాక ఇంకెవరుంటారు?" అంది.

ఎవరుంటారో యునిసెఫ్‌వాళ్ళు కంబోడియాలోనే లెక్క తీశారు. 2005 నుంచి 2010 లోపల అక్కడ ఇలాంటి పిల్లల గృహాలు 75 శాతం పెరిగి 269కి చేరాయి. అది యుద్ధకాలం కాదు. ఖ్మేర్ రూజ్ పాలన 1979లోనే పోయింది. ఆ అయిదేళ్ళలో పెరిగింది అనాథలు కాదు, టూరిస్టులు. గృహాల్లో ఉన్న పిల్లల్లో నలుగురిలో ముగ్గురికి దాదాపుగా తల్లో తండ్రో ఎవరో ఒకరు బతికే ఉన్నారు. గుడి చూసి వచ్చినవాళ్ళు మధ్యాహ్నం పిల్లల్ని కూడా చూసి, కరిగిపోయి డబ్బిచ్చి వెళ్తుంటే, ఆ డబ్బు కోసం గృహాలు, గృహాల కోసం పిల్లలు కావలసి వచ్చారు. "మీవాణ్ణి చదివిస్తాం, మూడు పూటలా అన్నం పెడతాం" అంటే ఏ బీదతల్లి కాదంటుంది?

ఆ తల్లిని నేనేమీ అనను. మన దగ్గర సంక్షేమ హాస్టళ్ళలో పిల్లల్ని చేర్చే తల్లులు లేరా? ట్రంకు పెట్టె మోసుకుంటూ వచ్చి, గేటు దగ్గర కళ్ళు తుడుచుకుని వెళ్ళేవాళ్ళని నేను చూశాను. కానీ ఆ పిల్లాణ్ణి మనం అనాథ అనం. దసరాకీ సంక్రాంతికీ వాడు ఇంటికొస్తాడు. వచ్చేపోయే టూరిస్టుల ముందు వాడిచేత పాటలు పాడించం. అమ్మ బతికుండగానే అనాథ అని పేరు పెట్టించుకోవాల్సిన గతి ఆ కంబోడియా పిల్లలకెందుకు? ఆ దేశ ప్రభుత్వమే 2016 నుంచి 2018 లోపు గృహాల్లో ఉన్న పిల్లల్లో 30 శాతం మందిని తిరిగి ఇళ్ళకు చేర్చాలని లక్ష్యం పెట్టుకుంది. డబ్బు కోసం పిల్లల్ని ఇలా గృహాల్లోకి చేర్చడం బానిసత్వంలో ఒక రకమేనని 2018లో ఆస్ట్రేలియా గుర్తించింది. ఇవేవీ రహస్యాలు కావు. మా వదిన క్లబ్బువాళ్ళు పంపిన రంగురంగుల కాగితంలో మాత్రం ఒక్క ముక్క లేదు.

ఇంకోటి. అక్కడికి వెళ్ళొచ్చినవాళ్ళు తప్పకుండా ఒక మాట రాస్తారు. "వెళ్ళగానే పిల్లలు పరిగెత్తుకొచ్చి వాటేసుకున్నారు, ఎంత ప్రేమో!" అని. పిల్లల్ని పెంచినవాళ్ళం కదా, కాస్త ఆలోచించండి. మన ఇళ్ళలో ఎనిమిది నెలల పిల్ల కొత్త మొహం కనబడితే చాలు, అమ్మ మెడ కరుచుకుని ఏడుస్తుంది. "కొత్త చేస్తోంది" అంటాం, నవ్వుకుంటాం. అది దాని ఆరోగ్యం. ఎవరొచ్చినా చేతులు చాచే పిల్లకి, నావాళ్ళు అని నమ్ముకోడానికి ఎవరూ నిలబడి ఉండలేదన్నమాట. పిల్లల మనసులు చదివినవాళ్ళు చెప్పేదీ అదే. పది రోజులకో కొత్త అక్క వచ్చి, అలవాటయ్యే వేళకి వెళ్ళిపోతుంటే ఆ చంటిది ఎన్నిసార్లని ఏడుస్తుంది?

ఇదంతా చెప్తే వదినకి కోపం వచ్చింది. "అక్కడ కూర్చుని నీకు అన్నీ తప్పులే కనిపిస్తాయి. దీనికి పుట్టిన దగ్గర్నుంచీ కష్టమంటే తెలీదు. నాలుగు రోజులు వాళ్ళ మధ్య ఉంటే కళ్ళు తెరుచుకుంటాయని మా ఆశ" అంది. తల్లిగా ఆ ఆశ నాకు అర్థమవుతుంది. కాలేజీ అప్లికేషన్‌లో రాసుకోడానికి పనికొస్తుందన్న సంగతి ఆవిడ అనలేదు, నేనూ ఎత్తలేదు. కళ్ళు తెరుచుకోవడం మంచిదే. కాకపోతే అందులో లాభపడేది మనమ్మాయి. అలాంటప్పుడు దాన్ని సేవ అని చందాలెత్తడం నాకు మింగుడుపడలేదు.

"అయితే ఎవరూ ఎక్కడికీ వెళ్ళకూడదా?" అంది వదిన. అది మాత్రం న్యాయమైన ప్రశ్న.

దానికి జవాబు మన దేశంలోనే ఉంది. ఒకప్పుడు అలా చూడ్డానికి వచ్చేవాళ్ళకు మనమే బీదవాళ్ళం. రోటరీ 1985లో పోలియోప్లస్ కార్యక్రమం మొదలుపెట్టింది. మన దగ్గర 1995లో పల్స్ పోలియో వచ్చాక, అమెరికా నుంచీ ఇంగ్లండు నుంచీ రోటరీ సభ్యులు ఏటా వచ్చేవారు. ఢిల్లీ బస్తీల్లో, ఉత్తరప్రదేశ్ ఊళ్ళలో పసుపుపచ్చ చొక్కాలేసుకుని పిల్లల నోట్లో రెండు చుక్కలు వేసి, ఎడమచేతి చిటికెన వేలి గోటికి ఇంకు పూసేవారు. వాళ్ళూ ఫోటోలు దిగారు. వాళ్ళూ నాలుగు రోజుల్లో వెళ్ళిపోయారు. అయినా వాళ్ళ రాకని నేను తప్పు పట్టను. ఎందుకంటే ఆ పని వాళ్ళది కాదని వాళ్ళకి తెలుసు. చుక్కల మందు డబ్బా భుజాన తగిలించుకుని ముందు నడిచేది అంగన్‌వాడీ టీచరో, నర్సమ్మో, ఆశా కార్యకర్తో. ఏ ఇంట్లో పసిబిడ్డ ఉందో, ఏ ఇల్లాలు పుట్టింటికి పురిటికి వెళ్ళిందో తెలిసింది ఆమెకు. గుమ్మం మీద సుద్దముక్కతో 'పి' అనో, ఇంకా వేయాల్సిన పిల్లలుంటే 'ఎక్స్' అనో రాసి, ఎక్స్ ఇంటికి మళ్ళీ మళ్ళీ వెళ్ళిందీ ఆమే. దొరలు ఆమె వెనక నడిచారు.

2009లో మన దేశంలో 741 పోలియో కేసులు వచ్చాయి. ప్రపంచం మొత్తంలో దాదాపు సగం మనవే. ఎక్కువగా ఉత్తరప్రదేశ్, బీహార్‌లలో. అక్కడ కొన్ని వీధుల్లో తల్లులు తలుపు తీసేవారు కాదు. చుక్కలు వేస్తే పిల్లలకు పిల్లలు పుట్టరని పుకారు. ఏ దేశం నుంచి ఎవరు విమానంలో వచ్చి చెప్తే వింటారు? యునిసెఫ్ తోడ్పాటుతో ఆయా వీధులవాళ్ళనే, ఎక్కువగా ఆడవాళ్ళనే, దాదాపు ఏడువేల మందిని నియమించారు. పక్కింటామె వచ్చి గడపలో కూర్చుని, "నా పిల్లలకీ వేయించాను, చూడు" అంటే తలుపు తెరుచుకుంది. 2011 జనవరి 13న పశ్చిమబెంగాల్‌లోని హౌరా జిల్లాలో ఒక చిన్నపాపకు వచ్చిందే ఆఖరి కేసు. 2014 మార్చి 27న ప్రపంచ ఆరోగ్య సంస్థ మన ప్రాంతాన్ని పోలియో లేనిదని ప్రకటించింది. పసుపు చొక్కాలవాళ్ళు తెచ్చిన డబ్బూ, తమ దేశాలకు వెళ్ళి చెప్పిన మాటా చాలా పనికొచ్చాయి. చుక్కలు వేయడం వాళ్ళు రాకపోయినా జరిగేదే. వాళ్ళు వచ్చి చూశారు కాబట్టి డబ్బు ఆగలేదు, అంతే.

ఆడవాళ్ళని అడక్కుండా మంచి చేయబోతే ఏమవుతుందో ఆఫ్రికాలో ప్లేపంపుల కథ చెప్తుంది. పిల్లలు రంగులరాట్నం తిప్పి ఆడుకుంటుంటే భూమిలోంచి నీళ్ళు ట్యాంకులోకి ఎక్కుతాయన్నారు. ఎవరికి నచ్చదు? 2006లో అమెరికాలో దీనికోసం కోటీ అరవై నాలుగు లక్షల డాలర్లు ప్రకటించారు. ఒక్కో పంపుకి దాదాపు 14,000 డాలర్లు. కొన్నిచోట్ల బాగా పనిచేస్తున్న చేతిపంపులు పీకేసి మరీ ఇవి పెట్టారు. పిల్లలు బడికి పోయాక, ఆటకి విసుగొచ్చాక, రాట్నం తిప్పాల్సింది ఎవరు? నడివయసు ఆడవాళ్ళు, కడుపుతో ఉన్నవాళ్ళు. మొజాంబిక్‌లో ఆడవాళ్ళు నడుములు వంచి ఆ ఆటవస్తువుని తోసుకుంటూ నీళ్ళు పట్టుకున్నారు. అందరూ చూస్తుంటే పెద్దవాళ్ళం రాట్నం తిప్పడం సిగ్గుగా ఉందన్నారు. పెట్టకముందు ఒక్క ఇల్లాలిని అడిగితే బోరింగే నయమని చెప్పేది. అనుకున్నన్ని నీళ్ళు రావాలంటే పిల్లలు రోజుకి 27 గంటలు ఆడాలని గార్డియన్ పత్రిక లెక్క తేల్చింది. రోజుకి ఇరవై నాలుగేనని వంటింట్లో ఉన్నవాళ్ళకి బాగా తెలుసు.

అందుకే వదినకి నా మాట చెప్పేశాను. ఈ ప్రయాణానికి మేం డబ్బు వేయం. పిల్లల్ని వాళ్ళ ఇళ్ళకి చేర్చి, ఆ తల్లులకి నిలదొక్కుకునే దాకా తోడుండే పనికి క్లబ్బువాళ్ళు ఇస్తామంటే, అడిగినదానికి రెట్టింపు వేస్తాం. మీ తమ్ముడూ ఒప్పుకున్నారు అని కూడా అన్నాను. (ఒప్పుకున్నారంటే, పేపరు చదువుతూ 'ఊఁ' అన్నారు.)

ఫోన్ స్పీకర్లో ఉందని నాకు తెలీదు. మేనకోడలు పక్కనే కూర్చుని అంతా విన్నదట. "అత్తా, నేను అడుగుతాను" అంది. మూడు ప్రశ్నలు రాసి క్లబ్బులో పెద్దలకు మెయిల్ పెట్టింది. ఆ గృహంలో పిల్లల్లో ఎంతమందికి అమ్మానాన్నలు ఉన్నారు? అక్కడ వంటచేసి పిల్లల్ని చూసుకునే ఆడవాళ్ళని ఏం కావాలో ఎవరైనా అడిగారా? మాలాంటి కొత్తవాళ్ళని పిల్లల దగ్గరికి పంపే ముందు మేమెవరమో ఎవరు విచారిస్తారు? మూడోది నాకే తట్టలేదు, దానికే తట్టింది.

వారానికి జవాబొచ్చింది. రంగులు ఎవరు తేవాలో, ఎవరికి ఏ సైజు టీషర్టు కావాలో శుక్రవారంలోగా చెప్పమని. ఇప్పుడు రెండో మెయిల్ రాస్తోంది. ఈసారి కింద వాళ్ళమ్మ పేరు కూడా పెట్టమందట.